రబ్బరు పాలు, బొగ్గు పోగులు: సింగపూర్ నుంచి చూసిన మౌంటెన్ బైక్ చరిత్ర

ఈసారి సైకిల్ చరిత్ర రాస్తున్నాను. మామూలు సైకిల్ కాదు, అడవి దారుల్లో, రాళ్ల మీద తొక్కే మౌంటెన్ బైక్. నా దగ్గర ఉన్నదానికి కార్బన్ ఫ్రేము, ముందూ వెనకా సస్పెన్షన్ ఉన్నాయి. షాపులో బిగించి ఇచ్చింది కాదు. ఫ్రేము ఒకచోట, చక్రాలు ఒకచోట, గేర్లు ఇంకోచోట కొని ఇంట్లో నేనే బిగించుకున్నాను. ఒక్కో భాగం చేతిలోకి తీసుకున్నప్పుడల్లా ఇది ఎక్కడి నుంచి వచ్చిందా అని చూడటం అలవాటైంది. అలా చూస్తూ పోతే, పుస్తకాల్లో ఉన్న మౌంటెన్ బైక్ చరిత్ర సగమే అనిపించింది. మిగతా సగం ఈ చుట్టుపక్కలే ఉంది.

పుస్తకాల సగం ముందు చెప్పేస్తాను. 1970లలో కాలిఫోర్నియాలో మరిన్ కౌంటీ అనే చోట కొందరు కుర్రాళ్లు పాత ష్విన్ సైకిళ్లు వెతికి కొనేవాళ్లు. అవి రెండో ప్రపంచ యుద్ధానికి ముందువి. బరువైన ఉక్కు ఫ్రేములు, లావు టైర్లు. వాటిని టమల్‌పయస్ కొండ చుట్టుపక్కలకు తీసుకెళ్లి మట్టి దారుల్లో కిందికి దూకించేవాళ్లు. 1976 అక్టోబరు 21న మొదటి పోటీ పెట్టుకున్నారు. 1977లో జో బ్రీజ్ అనే ఆయన ఈ పని కోసమే కొత్తగా ఒక ఫ్రేము తయారుచేశాడు. గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ, టామ్ రిచీ పేర్లు కూడా ఈ కథలో వస్తాయి. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ స్టంప్‌జంపర్ అనే సైకిల్‌ను అమ్మకానికి పెట్టింది. అది అందరికీ దొరికిన మొదటి మౌంటెన్ బైకుల్లో ఒకటి. తయారైంది జపాన్‌లో.

ఆ మొదటి పోటీ జరిగిన దారి పేరు ‘రీప్యాక్’. ఈ పేరు నాకు చాలా ఇష్టం. ఆ పాత సైకిళ్లకు బ్రేకు వెనక చక్రం హబ్బులో ఉండేది. పెడల్ వెనక్కి తొక్కితే బ్రేకు పడుతుంది. కొండ దిగేసరికి హబ్బు కాలిపోయి, లోపలి గ్రీసు పొగై పోయేది. ఇంటికెళ్లి హబ్బు విప్పి మళ్లీ గ్రీసు దట్టించాలి. అందుకే ఆ దారికి ‘మళ్లీ దట్టించు’ అని పేరు. అంటే ఈ ఆటలో పుట్టిన మొదటి ప్రసిద్ధమైన పేరే మరమ్మతు పేరు.

దీనికి తెలుగులో సరైన మాట మా తాతయ్య దగ్గర దొరికింది. ఆయనది తుని. ఆయన దగ్గర అట్లాస్ సైకిల్ ఉండేది. ఏడాదికోసారి షాపులో ఇచ్చి ‘ఓరాయిలింగు’ చేయించేవారట. అన్నీ విప్పి, కిరసనాయిల్లో కడిగి, అరిగిన బాల్సు మార్చి, గ్రీసు దట్టించి, చక్రాల బెండు తీసి మళ్లీ బిగించడం. ఇది ఇంగ్లీషులోని ఓవర్‌హాలింగే. కానీ మనవాళ్ల నోట్లో పడి అందులోకి ‘ఆయిల్’ వచ్చి చేరింది. పనిలో ఆయిల్ ఉంది కాబట్టి మాటలోనూ ఉండాలి కదా. నా సైకిల్ ఫోటో పంపితే ఆయన అడిగింది ఒక్కటే: “ఓరాయిలింగుకు ఎంత తీసుకున్నాడమ్మా?” నేనే చేసుకుంటాను తాతయ్యా అంటే చాలాసేపు నమ్మలేదు.

ఇక రెండో సగం. దీన్ని టైరు నుంచి మొదలుపెడతాను.

నా టైర్లలో ట్యూబు లేదు. ట్యూబుకు బదులు, టైరు లోపల తెల్లటి ద్రవం పోస్తాం. ముల్లు గుచ్చుకుంటే ఆ ద్రవం రంధ్రంలోకి వెళ్లి గట్టిపడి దాన్ని మూసేస్తుంది. సీసా మూత తీస్తే అమ్మోనియా వాసన వస్తుంది. ఇలాంటి చాలా రకాల్లో ముఖ్యమైన సరుకు లేటెక్స్. తెలుగులో దీన్ని రబ్బరు పాలు అంటారు. మర్రి, జిల్లేడు కొమ్మ విరిస్తే కారేదాన్ని కూడా మనం పాలు అనే అంటాం. చెట్టు తన గాయాన్ని మూసుకోవడానికి ఈ పాలు పనికొస్తాయి. నేను టైరు గాయం మూయడానికి అవే పాలు పోస్తున్నాను. ఒక్కో టైరుకు సుమారు 100 మిల్లీలీటర్లు. ఇక్కడి వేడికి అవి రెండు మూడు నెలల్లో ఎండి, లోపల పెరుగు ముద్దల్లా తయారవుతాయి. అప్పుడు ముద్దలు తీసి మళ్లీ పోయాలి.

ఆ పాల చెట్టు ఈ ప్రాంతానిది కాదు, బ్రెజిల్‌ది. 1876లో హెన్రీ విక్హమ్ అనే ఆయన అక్కడి నుంచి విత్తనాలు లండన్‌లోని క్యూ తోటకు చేర్చాడు. మరుసటి ఏడాది, 1877లో, 22 మొక్కలు సింగపూర్ బొటానిక్ గార్డెన్స్‌కు వచ్చాయి. చాలా ఏళ్లు వాటిని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1888లో హెన్రీ రిడ్లీ ఆ తోటకు డైరెక్టరుగా వచ్చాడు. అదే 1888లో, ఐర్లండులో, డన్‌లప్ అనే పశువైద్యుడు గాలి నింపే సైకిల్ టైరుకు పేటెంటు తీసుకున్నాడు. ఈ ఇద్దరికీ ఒకరితో ఒకరికి పనిలేదు. కానీ ఒకరి వస్తువుకు రెండోవారి చెట్టు కావాలి.

బ్రెజిల్‌లో చెట్టును గొడ్డలితో కొట్టి పాలు తీసేవాళ్లు. దానివల్ల చెట్టు పాడయ్యేది. రిడ్లీ వేరే పద్ధతి కనిపెట్టాడు. బెరడు మీద చేప ముల్లు ఆకారంలో సన్నటి గాట్లు పెట్టాలి. తర్వాత వచ్చినప్పుడు కొత్తగా కొట్టకుండా, పాత గాటు అంచునే పల్చగా చెక్కాలి. లోపలి చెక్కకు దెబ్బ తగలకూడదు. అలా చేస్తే అదే చెట్టు ఏళ్ల తరబడి పాలిస్తుంది. రిడ్లీ జేబుల్లో రబ్బరు విత్తనాలు వేసుకుని తిరుగుతూ, కనిపించిన ప్రతి తోట యజమానికీ నాటమని చెప్పేవాడట. జనం ఆయన్ని పిచ్చి రిడ్లీ అన్నారు. 1896లో మలక్కాలో టాన్ చే యాన్ అనే వ్యాపారి మొదటగా అమ్మకం కోసం రబ్బరు తోట వేశాడు. తర్వాత కార్లు వచ్చాయి, రబ్బరు ధర పెరిగింది, మలయా అంతా రబ్బరు తోటలయ్యాయి. రిడ్లీ వందేళ్లు బతికి, 1956లో పోయాడు.

అయితే ఆ గాట్లు పెట్టింది ఎవరు? రిడ్లీ పద్ధతి కనిపెట్టాడు, నిజమే. తెల్లవారకముందే లేచి, చల్లగా ఉండగానే చెట్టు చెట్టుకూ వెళ్లి కత్తితో చెక్కి, కింద గిన్నె పెట్టింది కూలీలు. వాళ్లలో ఎక్కువమంది తమిళులు. ఇది సింగపూర్‌లో చాలామందికి తెలుసు. తెలుగువాళ్లు కూడా ఉన్నారని తక్కువమందికి తెలుసు. విశాఖపట్నం, గోదావరి వైపు నుంచి, ఎక్కువగా కంగాణీల ద్వారా వచ్చి, రబ్బరు, కొబ్బరి ఎస్టేట్లలో పనిచేశారు. కంగాణీ అంటే తన ఊరికి వెళ్లి కూలీలను పోగుచేసుకుని తెచ్చే మేస్త్రీ. 1938లో భారత ప్రభుత్వం ఈ వలసను ఆపింది. ఆ కుటుంబాల వాళ్లు 1955లో మలయా ఆంధ్ర సంఘం పెట్టుకున్నారు. ఇప్పుడది మలేషియా తెలుగు సంఘం. సింగపూర్ తెలుగు సమాజం 1975లో వచ్చింది. తెలుగువాళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలతోనే ఈ వైపు వచ్చారని అనుకునేవాళ్లకు నేను ముందు ఈ గిన్నె, కత్తి గురించి చెబుతాను.

ఇప్పుడు యుద్ధం దగ్గరకు రావాలి. సింగపూర్‌లో సైకిల్ చరిత్ర రాస్తూ 1942ను దాటి పోలేం.

1941 డిసెంబరు 8న జపాన్ సైన్యం మలయా ఉత్తరాన కోటా భారు దగ్గర దిగింది. 55 రోజుల్లో సుమారు 1,100 కిలోమీటర్లు కిందికి వచ్చి, జనవరి 31న జోహోర్ బారు చేరింది. వాళ్లకు గుర్రాలు లేవు, సరిపడా లారీలు లేవు. చాలామంది సైకిళ్ల మీద వచ్చారు. ఈ దాడి పథకం వేసినవాళ్లలో మసనోబు సుజీ అనే కర్నల్ ఒకడు. ఒక్కో డివిజనుకు సుమారు 6,000 సైకిళ్లు ఇచ్చామని తర్వాత తన పుస్తకంలో రాశాడు. సింగపూర్‌లో వేలమంది చైనీయులను చంపించిన సూక్ చింగ్ మారణకాండ వెనక ఉన్నవాళ్లలో ఇతని పేరు కూడా ఉంది. అందుకే అతని గొప్పలను నేను జాగ్రత్తగా చదువుతాను. కానీ మరమ్మతు గురించి అతను రాసిన వివరాలు మాత్రం చదవాల్సినవి. ప్రతి కంపెనీకి కనీసం ఇద్దరు సైకిల్ రిపేరు వాళ్లు ఉండేవాళ్లు. రోజుకు సగటున 20 సైకిళ్లు బాగుచేసేవాళ్లు. ఎండకు టైర్లు పగిలిపోతే వట్టి రిమ్ముల మీదే తొక్కేవాళ్లు. తారు రోడ్డు మీద రాత్రిపూట ఆ రిమ్ముల చప్పుడు విని, ట్యాంకులు వస్తున్నాయని ఎదుటివాళ్లు భయపడ్డారని కూడా రాశాడు.

నాకు ఇందులో ముఖ్యంగా కనిపించింది ఒకటుంది. యుద్ధానికి ముందే జపాన్ చౌక సైకిళ్లు మలయా అంతా అమ్ముడయ్యాయి. కాబట్టి ప్రతి ఊళ్లో అవే సైకిళ్లు, అవే విడిభాగాలు ఉండేవి. సైన్యం వాటిని ఊరివాళ్ల దగ్గర లాక్కుంది. అంటే ఆ సైన్యం వెంట తెచ్చుకోని స్పేర్ పార్టుల గోడౌను ఒకటి, ఆ ఊళ్లలో ముందే సిద్ధంగా ఉంది.

ఫిబ్రవరి 8 రాత్రి పడవల మీద జలసంధి దాటారు. 11 తెల్లవారేసరికి బుకిట్ తిమా ఊరు వాళ్ల చేతిలో ఉంది. 15న జనరల్ పెర్సివల్, యమషిత ముందు లొంగుబాటు పత్రం మీద సంతకం పెట్టాడు. ఆ సంతకం జరిగింది అప్పర్ బుకిట్ తిమా రోడ్డు మీదున్న ఫోర్డ్ కార్ల ఫ్యాక్టరీలో. ఇప్పుడది మ్యూజియం. మేము వారాంతంలో మౌంటెన్ బైకులు తొక్కే బుకిట్ తిమా దారి అక్కడికి దగ్గరే.

మలయా, డచ్ ఇండీస్ పోవడంతో మిత్రదేశాలకు సహజ రబ్బరు సరఫరాలో సుమారు 90 శాతం తెగిపోయింది. అమెరికా హడావిడిగా కృత్రిమ రబ్బరు ఫ్యాక్టరీలు కట్టింది. ఈ రోజు మౌంటెన్ బైక్ టైరులో సహజ రబ్బరు, కృత్రిమ రబ్బరు కలిసి ఉంటాయి. ఆ రెండోది ఇంత పెద్ద పరిశ్రమ కావడానికి ఒక కారణం 1942 ఫిబ్రవరి. కాలిఫోర్నియా కుర్రాళ్లు యుద్ధానికి ముందటి ష్విన్‌లనే వెతికారని పైన రాశాను కదా. ఆ సైకిళ్లు లావు టైర్లతో రోడ్డు మీదకు వచ్చిన రోజుల్లో రబ్బరు చౌక. ఆ రబ్బరులో ఎక్కువ భాగం ఈ ప్రాంతం నుంచి వెళ్లిందే.

గేర్ల కథ చిన్నది. షిమానో కంపెనీ 1921లో జపాన్‌లోని సకాయ్‌లో పుట్టింది. సకాయ్ ఒకప్పుడు కత్తులకు, తుపాకులకు పేరున్న ఊరు. షిమానో మొదట చేసింది ఫ్రీవీలు. 1973లో జపాన్ బయట మొదటి ఫ్యాక్టరీని సింగపూర్‌లో జురాంగ్‌లో పెట్టింది. 1982లో మౌంటెన్ బైకుల కోసమే డియోర్ ఎక్స్‌టీ అనే గేర్ల సెట్టు తెచ్చింది. ఆ పేరు ఇప్పటికీ నడుస్తోంది, నా సైకిల్ మీద కూడా ఉంది. కొన్ని భాగాల మీద సింగపూర్‌లో తయారైనట్టు రాసి ఉంటుంది. ఇక్కడ వస్తువులన్నీ బయటినుంచే వస్తాయని అనుకునే నాలాంటివాళ్లకు అది చూస్తే కొంచెం గర్వంగా ఉంటుంది. దాచుకోను.

కార్బన్ గురించి ఎక్కువ రాయాలి, ఎందుకంటే దాని గురించి భయాలు ఎక్కువ.

కార్బన్ అంటే కర్బనం. వాడుకలో బొగ్గు అనుకోండి. 1880 ప్రాంతంలో ఎడిసన్ తన దీపంలో కాల్చిన వెదురు పోగు వాడాడు. అది జపాన్ వెదురు. గట్టి కార్బన్ పోగులు మాత్రం చాలా తర్వాత వచ్చాయి. 1958లో అమెరికాలో రోజర్ బేకన్, ఆ తర్వాత కొద్దికాలానికే ఒసాకాలో అకియో షిండో వాటి మీద పనిచేశారు. షిండో పద్ధతిలో ఆక్రిలిక్ లాంటి నూలును, మండిపోకుండా, చాలా ఎక్కువ వేడిలో కాలుస్తారు. మిగిలేది దాదాపు కర్బనమే. 1971లో టోరే కంపెనీ ఈ పోగులను అమ్మకానికి తయారుచేయడం మొదలుపెట్టింది. 1986లో కెస్ట్రెల్ అనే కంపెనీ పూర్తి కార్బన్ సైకిల్ ఫ్రేము తెచ్చింది. 1990ల తర్వాత మౌంటెన్ బైకుల్లోకీ బాగా వచ్చింది.

పోగు ఒంటరిగా ఏమీ చేయదు. పోగులను పొరలుగా పేర్చి, మధ్యలో రెజిన్ అనే జిగురు నింపి, అచ్చులో పెట్టి వేడిచేస్తారు. కొన్ని పొరల్లో పోగులన్నీ ఒకే వైపు ఉంటాయి. కొన్నింటిలో పడుగూ పేకా ఉన్న నేత గుడ్డ ఉంటుంది. పడుగు అంటే మగ్గం మీద నిలువు దారాలు, పేక అంటే అడ్డం దారాలు. ఈ రెండు మాటలు మీకు తెలిస్తే కార్బన్ ఫ్రేము సగం అర్థమైనట్టే. పోగు ఏ వైపు ఉంటే ఆ వైపు బలం.

ఉక్కు వంగుతుంది, కాబట్టి బెండు తీయొచ్చు. కార్బన్ వంగదు, పగులుతుంది. లోపల పొరలు విడిపోయినా పైకి పెయింటు బాగానే కనిపించవచ్చు. రాయి తగిలిన చోట నేను నాణెంతో తట్టి వింటాను. కుండ కొనేటప్పుడు వేలితో తట్టి చూస్తారు చూడండి, అలాగే. ఖంగుమంటే మంచిది. బొద్దుగా, మెత్తగా వినిపిస్తే అనుమానించాలి. అనుమానం వస్తే తెలిసినవాళ్లకు చూపించాలి, తట్టడం ఒక్కటే సరిపోదు. పగిలితే పారేయాల్సిందే అని చాలామంది అంటారు. అది నిజం కాదు. చెడిన పొరలు గీకి తీసేసి, పోగుల దిశ చూసి కొత్త పొరలు వేసి, జిగురు పట్టిస్తారు. తెలిసిన చేయి చేస్తే మళ్లీ తొక్కొచ్చు.

బిగించేటప్పుడు ముఖ్యమైన పనిముట్టు టార్క్ రెంచి. హ్యాండిల్ పట్టుకునే చిన్న బోల్టులకు సాధారణంగా 5 న్యూటన్-మీటర్ల దగ్గర ఆగాలి. ఎంత బిగించాలో భాగం మీదే రాసి ఉంటుంది. ‘ఇంకొంచెం’ అనే అలవాటు ఉక్కు సైకిల్‌తో చెల్లింది, కార్బన్‌తో చెల్లదు. కార్బన్ సీటు కడ్డీకి గ్రీసు రాయకూడదు, జారుతుంది. సన్నటి ఇసుకలాంటి పొడి కలిసిన పేస్టు రాయాలి. అప్పుడు తక్కువ బిగింపుతోనే పట్టు వస్తుంది.

ఇక్కడి గాలిలో తేమ సగటున 80 శాతానికి పైనే. దానికి చెమట ఉప్పు తోడు. కార్బనూ అల్యూమినియమూ తగిలి ఉన్నచోట ఉప్పు నీరు చేరితే చిన్న బ్యాటరీలా పనిచేసి, అల్యూమినియం తినేయబడుతుంది. తెల్లటి పొడి వస్తుంది. ఇనుముకు తుప్పు, ఇత్తడికి చిలుము అని తెలుగులో వేరువేరు మాటలున్నాయి. అల్యూమినియానికి వాడే మాట తాతయ్యనూ అడిగాను. “పొడి పడుతుంది” అన్నారు. అదే రాస్తున్నాను.

సస్పెన్షన్ మోటార్ సైకిళ్ల నుంచి వచ్చింది. 1980ల చివర పాల్ టర్నర్ అనే ఆయన రాక్‌షాక్స్ పేరుతో సైకిళ్లకు ముందు ఫోర్కు చేశాడు. వెనక సస్పెన్షన్‌లో పేరున్నవాడు ఆస్ట్రియా నుంచి అమెరికా వెళ్లిన హార్స్ట్ లైట్నర్. ఫ్రేము వెనక సగం ముందు సగానికి అతుక్కుని ఉండదు. కీళ్ల మీద కదులుతుంది. తలుపు కీలు, మోకాలి కీలు, ఇది కూడా కీలే. ఒక్కో కీలులో బేరింగు ఉంటుంది. వాన, మట్టి వెళ్తే అది అరిగి కిర్రుమంటుంది. మా సైకిళ్లకు కీళ్ల నొప్పులు ఇక్కడ త్వరగా వస్తాయి.

కీళ్లు విప్పేముందు షాకులో గాలి పూర్తిగా తీసేయాలి. తర్వాత బోల్టులు విప్పి, బేరింగును నెమ్మదిగా, వంకర పోకుండా నెట్టి తీయాలి. కొట్టకూడదు. కొత్తదాన్ని కూడా నొక్కే పెట్టాలి. బేరింగు మీద ఒక నంబరు ఉంటుంది. ఉదాహరణకు 6902 అంటే లోపలి రంధ్రం 15 మిల్లీమీటర్లు, బయట 28, మందం 7. ప్రపంచంలో ఎక్కడైనా అదే కొలత. ఆ నంబరు చెబితే చాలు, జలాన్ బసార్ వైపు హార్డ్‌వేర్ కొట్లలో మోటార్లకు అమ్మే బేరింగే దొరకవచ్చు. పక్కన ‘2ఆర్‌ఎస్’ అని ఉంటే రెండు వైపులా రబ్బరు సీలు ఉందని అర్థం. మళ్లీ రబ్బరు.

అన్నిటికీ ఇలాంటి నంబరు లేదు. గేరును ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న అల్యూమినియం ముక్క, హ్యాంగర్, చాలాకాలం ఒక్కో ఫ్రేముకు ఒక్కో ఆకారంలో ఉండేది. అది వంగిపోతే, అలాంటిదే దొరికేదాకా వారాల తరబడి సైకిల్ గోడకు ఆనుకుని ఉంటుంది. 1941లో మలయా పల్లెటూళ్లో దొరికిన సౌకర్యం ఇంత ఖరీదైన సైకిల్‌కు లేదు. 2019 నుంచి అందరికీ సరిపోయే ఒకే హ్యాంగర్ వస్తోంది. నా దృష్టిలో ఈ మధ్య వచ్చిన మార్పుల్లో కార్బన్ కంటే, ఎలక్ట్రానిక్ గేర్ల కంటే మంచి మార్పు ఇదే. కొత్త ఫ్రేము కొనేవాళ్లు బరువు చూసేముందు ఇది చూడండి.

ఈ పనంతా నేను చేసేది మా ఫ్లాటులోని షెల్టర్ గదిలో. 1990ల చివరి నుంచి కట్టిన ఫ్లాట్లలో ఉక్కు తలుపున్న చిన్న గది ఉంటుంది. బాంబుల నుంచి కాపాడుకోవడానికి. మామూలు రోజుల్లో అందరం సామాన్లు పెట్టుకుంటాం. దాని గోడలకు ఇష్టమొచ్చినట్టు మేకులు కొట్టకూడదు, అందుకే సైకిల్‌ను నేల మీద స్టాండుకే నిలబెడతాను.

దారుల సంగతి కూడా రాయాలి. పులావ్ ఉబిన్ దీవిలో కేటమ్ క్వారీ చుట్టూ 2008లో మౌంటెన్ బైక్ పార్కు పెట్టారు. చాంగీ నుంచి బంబోట్ అనే చిన్న పడవలో సైకిల్ వేసుకుని వెళ్తాం. ఉబిన్ గ్రానైట్‌తో 1851లో హార్స్‌బర్గ్ లైట్‌హౌస్ కట్టారు. 1924లో పూర్తిగా తెరిచిన జోహోర్ కాజ్‌వేలోనూ ఆ రాయే ఉంది. 1942 జనవరి 31న బ్రిటిష్ వాళ్లు దాన్ని పేల్చారు, జపాన్ వాళ్లు ఆ గండి పూడ్చారు. బుకిట్ తిమా అంటే మలయ్‌లో తగరం కొండ. అక్కడా తవ్వింది మాత్రం గ్రానైటే. ఎత్తు 163 మీటర్లు, అదే మాకు అన్నిటికంటే పెద్ద కొండ.

ఆ గ్రానైట్ పొడి సన్నగా, గరుకుగా ఉంటుంది. ఫోర్కు కాళ్ల మీద చేరి, సీలు దాటి లోపలికి వెళ్తే మెరుగు గీసుకుపోతుంది. తొక్కి వచ్చిన ప్రతిసారీ మెత్తటి గుడ్డతో తుడవాలి. నీళ్ల పైపును సీళ్ల మీదికి జోరుగా కొట్టకూడదు. సుమారు 50 గంటలు తొక్కాక ఫోర్కు కింది భాగం విప్పి, పాత నూనె తీసి, కొత్తది పోయాలి. మొన్న ఉబిన్ నుంచి వచ్చాక విప్పితే నూనె బూడిద రంగులో వచ్చింది. గిన్నె అడుగున వేలు పెట్టి రుద్దితే గరగరలాడింది.